గర్భ హక్కుల మీటింగ్ మన మండలంలో: ఎవరూ బయట ఉండిపోకుండా ఎలా మాట్లాడాలి, ఎలా తోడు నిలవాలి

ఇది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి స్థాయిలో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నది. మీరు డ్వాక్రా సంఘం లీడరు కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, పలాస జీడి ఫ్యాక్టరీల్లో యూనియన్ పని చూసేవారు కావచ్చు, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ నడిపే లెక్చరర్ కావచ్చు. కడుపు ఉంచుకోవాలా వద్దా, ఎంతమందిని కనాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలి, గర్భసంచి తీసేద్దామని డాక్టరు అంటే ఏం అడగాలి... ఇవన్నీ ఎవరి ఒంటివో వాళ్లే తేల్చుకోవాలని చెప్పే మీటింగ్ ఒకటి పెట్టాలనుకుంటున్నారు. షామియానా, మైకు, టీ ఏర్పాట్లు మీకు ఒకరు నేర్పనక్కర్లేదు. చిక్కంతా మాట దగ్గరే వస్తుంది. "తల్లులారా" అని మైకులో మొదలుపెట్టగానే, ఆ మీటింగ్ ఎక్కువ అవసరమున్నవాళ్లలో కొందరు ఇది తమకు కాదనుకొని చెప్పులు వెతుక్కుంటారు.

ముందు, ఎవరు రారో రాసుకోండి

వచ్చేవాళ్ల పేర్లు మీకు నోటికే వచ్చు. సంఘం లీడర్లు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్‌ఎం, ఎదురింటి పిన్ని, సర్పంచ్ గారి ఇంటావిడ. వాళ్లను పక్కన పెట్టి, రానివాళ్లను ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా ఎందుకు రారో కూడా రాయండి. కరపత్రం రాసేటప్పుడు ఈ కాగితమే పని చేస్తుంది.

వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, గార, ఎచ్చెర్ల తీరం తీసుకోండి. అక్కడి మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. ఇంటి దగ్గర భార్యకు నెల తప్పితే, ఆసుపత్రిలో "మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి" అనేసరికి ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు. వెరావల్ నుంచి మనిషి దిగేలోపు వారాలు గడిచిపోతాయి. ఈ విషయంలో వారాలే లెక్క. హైదరాబాద్, చెన్నై బిల్డింగ్ పనులకు మగవాళ్లు వెళ్లిన ఊళ్లలోనూ ఇదే తంతు.

తర్వాత పెళ్లి కానివాళ్లు. ఇలాంటి మీటింగులో ఒక డిగ్రీ అమ్మాయి కనిపిస్తే చాలు, సాయంత్రానికి ఊళ్లో కథ అల్లేస్తారు. భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు "మాకేం పని" అనుకుంటారు. నడవలేనివాళ్లను, వినపడనివాళ్లను ఇంట్లోవాళ్లే తీసుకురారు, వాళ్లకీ సంగతులతో సంబంధం లేదని నమ్ముతారు కాబట్టి. మందస, మెళియాపుట్టి కొండవార సవర గూడేల్లో, ఇచ్ఛాపురం వైపు ఒరియా మాట్లాడే ఇళ్లలో మీ కరపత్రం చదివేవాళ్లు ఉండరు. అక్కడికి కాగితం పంపకండి, ఆ భాష వచ్చిన మనిషిని పంపండి.

ఇంకొకరు ఉన్నారు. మన వైపు ట్రాన్స్‌జెండర్ అనగానే రైల్లోనో షాపుల దగ్గరో కనిపించే హిజ్రాలే గుర్తొస్తారు. ట్రాన్స్ మగవాళ్లు అసలు గుర్తుకు రారు. ఆడపిల్లగా పుట్టి పెరిగి, తాము మగవాళ్లమని తెలుసుకున్నవాళ్లు వీళ్లు. ఎక్కువమంది ఇంట్లోనే ఉంటారు, చున్నీ కింద జుట్టు కత్తిరించుకున్నందుకు దెబ్బలు తింటారు, చాలాసార్లు బలవంతంగా పెళ్లయిపోతుంది. గర్భాశయం ఉంది కాబట్టి కడుపు వచ్చే వీలూ ఉంది. అలాంటి మనిషి మీ ఊళ్లో లేరని మీరు గట్టిగా అనగలిగితే, మీకు చెప్పేంత నమ్మకం వాళ్లకు కలగలేదన్న మాట.

మాటలు సరిచూసుకోండి

దీని మీద ఎక్కువ సేపు కూర్చోండి. మిగతా పని సగం ఇక్కడే తేలిపోతుంది.

చాలామందికి ఉన్న భయం ఏమిటంటే, అందరినీ కలుపుకొనే భాష అంటే ఏదో కొత్త పదాలు ఇంగ్లీషులోంచి దింపుకోవాలని. అక్కర్లేదు. మన మాటల్లో "వాళ్లు" అనేది ఒకటుంది. "కడుపుతో ఉన్నవాళ్లు", "నెలసరి వచ్చేవాళ్లు", "పిల్లలు వద్దనుకునేవాళ్లు", "కాన్పు అయినవాళ్లు". ఊళ్లో ముసలమ్మలు "కడుపుతో ఉన్నోళ్లకి సీటియ్యండర్రా" అంటూనే ఉంటారు. అందులో పెళ్లి లేదు, మొగుడు లేడు, ఆడా మగా లేదు. "గర్భిణీ స్త్రీలు", "తల్లులు", "వివాహిత మహిళలు" అనేవి ఆఫీసు కాగితాల్లోంచి వచ్చిన మాటలు. కరపత్రంలో వాటిని కొట్టేసి ఊరి మాట పెట్టండి, చాలు.

అలాగే క్రియలు. ఏకవచనంలో "వచ్చాడు" మగవాళ్లకు, "వచ్చింది" ఆడవాళ్లకూ ఆవుకూ ఆటోకూ కలిపి. బహువచనంలో "వచ్చారు" అందరికీ ఒకటే, పైగా మర్యాద. ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియనప్పుడు "వచ్చారు, అడిగారు, చెప్పారు" అనండి. "తను" అనే మాట కూడా ఇలాంటిదే. ఎదురుగా ఉన్న మనిషినైతే "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని నేరుగా అడిగేయండి. అక్క అంటారో, అన్న అంటారో, పేరు పెట్టి పిలవమంటారో వాళ్లే చెబుతారు. ఇది కష్టమని ఎవరైనా అంటే తూర్పు భాగవతం గుర్తు చేయండి. మగవాడు సత్యభామ వేషం కట్టి వస్తే, తెల్లవార్లూ "భామ వచ్చింది, భామ అలిగింది" అని చూసినవాళ్లం మనం. ఒక రాత్రికి ఒప్పుకున్న నోటికి పగలు ఏమొచ్చింది?

ఇక ఇందులో నాకు గట్టి అభిప్రాయం ఉన్న చోటు. అన్ని చోట్లా "ఆడవాళ్లు" తీసేసి "వ్యక్తులు" అని పెట్టేయడం తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అదే సర్వేలో వేసెక్టమీ ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్లకు చేసే ఆపరేషన్ కోతా కుట్టూ లేకుండా నిమిషాల్లో అయిపోయేది, ఆడవాళ్లకు చేసేదానికంటే తేలిక. అయినా లెక్క ఇది. దీన్ని పట్టుకొని "మన రాష్ట్రంలో వ్యక్తులు ఆపరేషన్లు చేయించుకుంటున్నారు" అని రాస్తే నిజం మీద దుప్పటి కప్పినట్టే. "మమ్మల్ని లేకుండా చేస్తున్నారేంటి" అని కోప్పడే ఆడవాళ్ల మాటలో న్యాయం ఉంది.

అందుకని నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. భారం ఎవరి మీద పడిందో చెప్పేటప్పుడు "ఆడవాళ్లు" అనే అనండి, ఇంకా గట్టిగా అనండి. పేద ఆడవాళ్లు, దళిత ఆడవాళ్లు, గిరిజన ఆడవాళ్లు అని విడదీసి కూడా చెప్పండి. హక్కు ఎవరిదో, సేవ ఎవరికి అందాలో చెప్పేటప్పుడు మాత్రం తలుపు పూర్తిగా తీయండి: "ఆడవాళ్లు, ట్రాన్స్ మగవాళ్లు, కడుపు వచ్చే అవకాశం ఉన్న ఎవరైనా". ఈ రెండింటికీ గొడవ లేదు. ఒకటి జరిగింది చెబుతుంది, రెండోది జరగాల్సింది చెబుతుంది.

వాడకూడని మాటలు కొన్ని ఉన్నాయి. కొజ్జా, మాడా, పేడి లాంటివి ఎలాగూ వద్దు. ఆడవాళ్ల మీద ప్రయోగించే "గొడ్రాలు", "ముండమోసింది" కూడా మీటింగులో ఎవరి నోటి వెంట వచ్చినా అక్కడే ఆపండి. పేపరోళ్లు రాసే "అక్రమ గర్భం" అనే మాట మీ నోట రానివ్వకండి. గర్భానికి సక్రమం, అక్రమం లేవు.

"భ్రూణహత్య" గురించి విడిగా చెప్పాలి. ఆడపిండాలను తీయించేయడం ఆపాలని గోడల మీద, స్కానింగ్ సెంటర్ల బోర్డుల మీద ఆ మాట రాసి రాసి, అబార్షన్ అంటేనే నేరమని జనం అనుకునేలా అయింది. మీరు "లింగ నిర్ధారణ పరీక్ష" అనండి, "ఆడపిల్ల అని తెలిసి తీయించడం" అనండి. 1994 చట్టం నిషేధించింది కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని, దాన్ని బట్టి ఎంచుకోవడాన్ని. గర్భం తీయించుకోవడానికి 1971 నుంచి వేరే చట్టం ఉంది. మీటింగులో ఈ రెండింటినీ కలిపేసిన వక్త ఒక్కరున్నా మీ పని రెండింతలవుతుంది, కాబట్టి వక్తలతో ముందే మాట్లాడండి.

కరపత్రం ఎలా మారాలో చూడండి. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "అవాంఛిత గర్భం ధరించిన వివాహిత స్త్రీలు భర్త అనుమతితో సమీప ఆరోగ్య కేంద్రంలో వైద్యులను సంప్రదించగలరు."

ఇలా రాయండి: "కడుపు వచ్చింది, ఉంచుకోవాలా వద్దా తెలియడం లేదా? ఎవరైనా సరే ఆసుపత్రికి వెళ్లి డాక్టరును అడగొచ్చు. పెళ్లయిందా లేదా అన్నదానితో పనిలేదు. 18 ఏళ్లు నిండితే మీ సంతకం ఒక్కటే చాలు. మీ పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. ఆలస్యం చేయకండి, వారాలు గడిచేకొద్దీ దారులు తగ్గుతాయి."

చట్టం ఎంతవరకు ఉందో అంతవరకే చెప్పండి

ఉత్సాహంలో "అడిగితే చాలు, చేసి తీరాలి" అని చెప్పేస్తుంటారు. మన చట్టం అలా లేదు. నిర్ణయంలో డాక్టరు అభిప్రాయానికి చోటు ఉంది. 2021లో సవరించి, ఆ ఏడాది సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి తెచ్చిన ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. గర్భం కొనసాగితే ప్రాణానికి ముప్పు, శరీరానికి గానీ మనసుకు గానీ తీవ్రమైన హాని, బిడ్డకు తీవ్రమైన లోపం, ఇవీ కారణాలు. అత్యాచారం వల్ల వచ్చినా, వాడిన గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చినా మనసుకు తీవ్ర హాని కింద లెక్కిస్తారు. పాత చట్టంలో ఈ చివరి కారణం "పెళ్లయిన స్త్రీ లేదా ఆమె భర్త" అని ఉండేది. 2021లో దాన్ని "ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి" అని మార్చారు. ఒక్క మాట మారితే ఎంతమందికి తలుపు తెరుచుకుంటుందో చూపించడానికి మీటింగులో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అది కొందరికే: లైంగిక దాడికి గురైనవాళ్లు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వికలాంగులు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బిడ్డకు లోపం ఉన్నట్టు తేలినవాళ్లు, విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లు. 24 దాటాక బిడ్డకు గణనీయమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తక్షణం ప్రాణం కాపాడాల్సి వస్తే వారాల లెక్క అడ్డు రాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో ఈ భాగం నెమ్మదిగా, రెండుసార్లు చెప్పండి. కిడ్నీలు దెబ్బతిన్న ఒంటికి గర్భం మోయడం ప్రమాదమని వాళ్లలో చాలామందికి ఎవరూ ముందుగా చెప్పరు.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ చేతిలో ఉండాలి. పెళ్లి కానివాళ్లను 20 నుంచి 24 వారాల వెసులుబాటు నుంచి తప్పించడం చెల్లదని చెప్పింది. ఈ తీర్పులో "స్త్రీ" అంటే గర్భస్రావ సేవలు అవసరమయ్యే ఇతరులు కూడా అని స్పష్టం చేసింది. భర్త బలవంతాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం కింద చూడాలని చెప్పిందీ ఇదే. 2024 ఏప్రిల్‌లో మరో కేసులో "గర్భం దాల్చిన వ్యక్తి" అనే మాట వాడి, ట్రాన్స్ మగవాళ్లకు కూడా గర్భం రావచ్చు కాబట్టి అలా రాస్తున్నామని వివరించింది. "ఇవన్నీ ఫారిన్ ఫ్యాషన్లు" అని ఎవరైనా లేస్తే, ఈ మాట రాసింది మన సుప్రీంకోర్టేనని చెప్పి కూర్చోండి.

భర్త సంతకం సంగతి. గర్భం తీయించుకోవడానికి ఆ మనిషి సమ్మతి ఒక్కటే చాలు. 18 ఏళ్లు నిండనివాళ్లకూ మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకూ సంరక్షకుల సంతకం కావాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కూ భాగస్వామి సంతకం అక్కర్లేదు. మైనర్ల కేసులో డాక్టరు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది, కానీ మైనరూ సంరక్షకులూ కోరితే పేరు, గుర్తింపు వివరాలు ఇవ్వక్కర్లేదని 2022 తీర్పే చెప్పింది.

ఒక తమాషా కూడా ఉంది, తమాషా అనకూడదు గానీ. చట్టంలో "ఆర్‌ఎంపీ" అంటే రిజిస్టరైన, శిక్షణ ఉన్న అసలు డాక్టరు. మన వీధిలో "ఆర్‌ఎంపీ" అంటే డిగ్రీ లేకుండా సెలైన్ పెట్టే ఆయన. "ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లొచ్చు" అని కరపత్రంలో పడితే జనం ఎక్కడికి వెళతారో ఆలోచించండి. "ప్రభుత్వాసుపత్రి, లేదా అనుమతి ఉన్న ప్రైవేటు ఆసుపత్రి" అని రాయండి. మాత్రలతో గర్భం తీయడం 9 వారాల వరకే, అదీ డాక్టరు చీటీతో. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొని ఇంట్లో వేసుకున్నవాళ్లు కూడా మీ మీటింగుకు వస్తారు, వాళ్లను తిట్టకండి. వరుసగా రెండు గంటలు గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోయేంత రక్తం పోతున్నా, జ్వరం తగ్గకపోయినా, కడుపునొప్పి భరించలేకపోయినా 108కి ఫోన్ చేయాలని మాత్రం గట్టిగా చెప్పండి.

మీటింగ్ రోజు

రామమందిరంలో పెట్టకండి. నెలసరిలో ఉన్నవాళ్లు గడప దగ్గరే ఆగిపోతారు, విషయమేమో వాళ్లదే. స్కూలు, అంగన్‌వాడీ, సచివాలయం, ఎక్కడైనా మెట్లు తక్కువ ఉన్నచోట. పైన చెప్పిన జాబితా నుంచి ఒక్క మనిషి మేడ ఎక్కలేకపోయినా కింద పెట్టుకోవడమే మంచిది. వరి ఊడ్పులు, కోతల రోజులు వద్దు. పలాసలోనైతే జీడి ఫ్యాక్టరీలు విడిచాక.

పరిచయాల్లో "మీకెంతమంది పిల్లలు?" అనే ప్రశ్న మానేయండి. మన వైపు పేరు తర్వాత అడిగేది అదే కదా. పేరు, ఊరు, ఏమని పిలవాలి, అంతే. ఆడో మగో చెప్పమని ఎవరినీ అడగొద్దు, చెప్పుకోవాలనుకున్నవాళ్లు చెప్పుకుంటారు. హిజ్రాలను పిలిస్తే ముందు వరుసలో కూర్చోబెట్టి దండ వేసి ఫొటో తీయడం కాదు, మాట్లాడే వంతు ఇవ్వండి, రానుపోను ఛార్జీలు ఇవ్వండి. "మీ కథ చెప్పండి" అని మైకు ఎవరి ముందూ పెట్టకండి. తన అబార్షన్ గురించి చెప్పడం ఎవరికీ డ్యూటీ కాదు. ప్రశ్నలకు ఒక డబ్బా పెట్టి, చీటీల మీద రాసి వేయమనండి. రాయలేనివాళ్ల కోసం పక్క మండలం నుంచి ఒక మనిషిని మూల గదిలో కూర్చోబెట్టండి. సొంత ఊరి మనిషికి చెప్పని మాట పరాయి ఊరి మనిషికి చెబుతారు.

ఎవరో ఒక పెద్దావిడ లేచి ఇలా అనడం ఖాయం: "ఓలమ్మా, మగోడికి కడుపేటే గుంటా? సదూకున్నోళ్లంతా ఇలాగే సెప్తారేటి?" అందరూ నవ్వుతారు. మీరు కూడా నవ్వండి, కోర్టు తీర్పు తీయకండి. ఆవిడ వరుసలోనే సమాధానం చెప్పండి:

"మగోళ్లందరికీ వస్తాదని నానన్లేదు పిన్నీ. ఆడపిల్లగా పుట్టి, లోపల తను మగోడినే అని తెలుసుకున్నోళ్లు కొందరుంటారు. ఒళ్లు మనలాంటిదే కదా, కడుపొచ్చే వీలుంటాది. ఆళ్లు ఆస్పత్రికెళ్తే బయటికి గెంటొద్దంటున్నాం. నీ కోడల్ని 'మొగుడేడీ' అని గెంటొద్దన్నట్టే."

కోడలి మాట వచ్చేసరికి ఆవిడకు ఎక్కడో తగులుతుంది. మిగతా వాదనలు ఆవిడే పూర్తి చేస్తుంది, కొన్నిసార్లు మీకంటే బాగా.

ఆసుపత్రికి తోడు వెళ్లడం

కరపత్రంలో భాష ఎంత మారినా, ఓపీ కౌంటరు దగ్గర మనిషి ఒంటరిగా నిలబడాల్సి వస్తే ఫలితం సున్నా. మీటింగులోనే నలుగురైదుగురు తోడు వెళ్లేవాళ్ల జాబితా తయారు చేయండి. టెక్కలి, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి, విజయనగరం ఘోషా ఆసుపత్రి, ఎక్కడికి ఏ బస్సు, ఓపీ ఎన్నింటి వరకు అన్నది వాళ్లకు తెలిసి ఉండాలి. ఆ ఘోషా అనే పేరులోనే పరదా ఉంది. ఆడవాళ్ల కోసమే కట్టిన ఆసుపత్రి గేటు దగ్గర గడ్డం ఉన్న ట్రాన్స్ మగవాడు నిలబడితే ఏమవుతుందో ముందే ఊహించుకొని వెళ్లండి. సెక్యూరిటీ గార్డుతో మీరే మాట్లాడండి, ఆ భారం మీతో వచ్చిన మనిషి మీద పడనివ్వకండి.

ఓపీ చీటీ మీద "వైఫ్ ఆఫ్" అని ముందే అచ్చై ఉంటుంది, లేదా కంప్యూటర్ అబ్బాయి అడక్కుండానే కొట్టేస్తాడు. "కేరాఫ్ అని రాయండి బాబూ" అంటే సరిపోతుంది. పేరు గట్టిగా పిలవొద్దని, టోకెన్ నంబరుతో పిలవమని నర్సును పక్కకు పిలిచి అడగండి. "సిస్టర్, గొడవకు రాలేదు, మనిషి భయపడుతున్నారు" అని మొదలుపెడితే చాలామంది నర్సులు తామే దారి చూపిస్తారు. గర్భం తీయించుకున్నవాళ్ల వివరాలు రహస్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. బయటపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. ఆ మాట మాత్రం చివరికి దాచుకోండి, మొదటే తీస్తే డాక్టరు బిగుసుకుపోతారు.

డాక్టరు గదిలోకి మిమ్మల్ని రమ్మంటేనే వెళ్లండి. అక్కడ మీరు ఆ మనిషి తరఫున సమాధానాలు చెప్పకూడదు. ట్రాన్స్ మగవాళ్లతో వెళితే ఒక విషయం గుర్తుంచుకోండి: టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) తీసుకుంటే నెలసరి ఆగిపోవచ్చు గానీ అది గర్భనిరోధకం కాదు. నెలసరి లేదు కాబట్టి కడుపు రాదని ధైర్యంగా ఉండి, చాలా వారాలు గడిచాక తెలుసుకునేవాళ్లుంటారు. కండోమ్, లూప్, అంతర ఇంజెక్షన్, ఏది సరిపోతుందో డాక్టరునే అడగమనండి.

గర్భసంచి తీసేయాలని చెప్పినప్పుడు కూడా ఇదే తోడు కావాలి. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. తెల్లబట్ట అవుతోందన్నా, నడుం నొప్పన్నా, క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసేసిన సందర్భాలున్నాయి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. "ఇంకో డాక్టరుకు కూడా చూపించుకొని వస్తాం" అని చెప్పి రిపోర్టులు తీసుకొని బయటకు వచ్చేయడం రోగి హక్కు. తోడు వెళ్లినవాళ్లు ఆ మాట అనడం బాగా సాధన చేసి ఉండాలి.

పక్కవాళ్ల పోరాటంలోకి కూడా వెళ్లండి

హిజ్రాలకు కడుపు రాదు కదా, వాళ్లకీ దీనికీ ఏం సంబంధం అని అడుగుతారు. 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు, ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తింపు ఇస్తామని పట్టుబట్టకూడదని చెప్పింది. మొగుడు ఒప్పుకుంటేనే ట్రీట్‌మెంట్ అన్నా, కత్తి పెట్టించుకుంటేనే గుర్తింపు అన్నా, పెత్తనం ఒకే రకం: నీ ఒంటికి ఏం చేయాలో మేం చెబుతాం అని. మీ మీటింగుకు వాళ్లు వచ్చారంటే, అద్దె ఇల్లు దొరక్క వాళ్లు ఇబ్బంది పడే రోజున మీరు ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లాలి. 2010లో థర్మల్ ప్లాంటు వద్దని, సోంపేట బీల (నీళ్లు నిలిచే తడి నేల) కోసం రైతులు, మత్స్యకారులు ఒకరి పక్కన ఒకరు కూర్చుంది ఇద్దరి బతుకూ ఒకటే అయినందుకు కాదు. నీళ్లు ఒకటే అయినందుకు.

ప్రభుత్వం ఎంతమందిని కనమంటే అంతమందిని కనాలా అన్నది కూడా ఈ పనిలో భాగమే. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయనివ్వలేదు. 2024 నవంబరులో ఆ నిబంధన తీసేశారు, ఇప్పుడు ఎక్కువమందిని కనమనే మాట వినిపిస్తోంది. అప్పుడూ ఇప్పుడూ అడగనిది కనే మనిషినే. మీటింగులో పార్టీల గొడవ రాకుండా ఈ ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్లండి.

చివరి పని అర్జీ. అన్నీ కలిపి పేజీల కొద్దీ రాయకండి, మూడు నాలుగు కోరికలు చాలు. గర్భం తీసే అనుమతి ఉన్న ఆసుపత్రుల జాబితా ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో పెట్టాలని, భర్త సంతకం అక్కర్లేదని అక్కడే రాయాలని, ఓపీ చీటీలో "కేరాఫ్" ఉండాలని, వేసెక్టమీ చేసే రోజులు ముందుగా చెప్పాలని. ఆడవాళ్లు, ట్రాన్స్ మనుషులు, మగవాళ్లు అందరూ సంతకం పెట్టండి. ఇష్టం లేనివాళ్లను పెట్టమనొద్దు, ఆ కాగితం ఎవరి చేతుల్లోకి వెళుతుందో చెప్పలేం. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, ఒక కాపీ జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి. ఆసుపత్రుల జాబితా అడిగినా ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కలెక్టరేట్ నుంచి బయటకు వచ్చేముందు రశీదు మీద అర్జీ నంబరు పడిందో లేదో చూసుకొని, ఫొటో తీసి తోడు వెళ్లేవాళ్ల అందరి ఫోన్లలోనూ పెట్టండి.